ఆధార్ ఇవ్వాలి, కానీ చూసి ఇవ్వాలి
లబ్ధిదారుల అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం

 

సమావేశానికి రాలేకపోయిన వాళ్లకోసం ఈ మాటల్ని రాసి ఫోన్‌కి పంపుతున్నాం. మీకు చదవడం ఇబ్బందైతే ఇంట్లో పిల్లల చేత చదివించుకుని వినండి. కొంచెం పొడవుగానే ఉంటుంది. కానీ ఇది మీ డబ్బుకి, మీ పేరుకి సంబంధించిన విషయం. అందుకే తొందరపడకుండా చెప్తాను.

ఈరోజు పథకం ఏదైనా ముందు అడిగేది ఆధారే. ఎన్టీఆర్ భరోసా పింఛనుకి ఆధార్, రేషన్ డిపోలో ఈపోస్ మిషన్ మీద వేలు పెట్టడానికి ఆధార్, తల్లికి వందనం డబ్బు అమ్మ ఖాతాలో పడటానికి ఆధార్, అన్నదాత సుఖీభవకి, గ్యాస్ సబ్సిడీకి, ఉపాధి హామీ కూలికి అన్నింటికీ ఆధార్. వద్దంటే కుదరదు. నేను కూడా వద్దని చెప్పడానికి రాలేదు. ఎవరికి ఇవ్వాలి, ఎంతవరకు ఇవ్వాలి, ఇచ్చాక ఏం చూసుకోవాలి, ఏదైనా తేడా జరిగితే ఎక్కడికి వెళ్లాలి అన్నవే ఈరోజు చెప్తాను.

ఈ నంబర్ మిగతా నంబర్ల లాంటిది కాదు

2010 సెప్టెంబరులో మహారాష్ట్రలోని నందుర్బార్ జిల్లా టెంభ్లీ అనే గ్రామంలో మొదటి ఆధార్ ఇచ్చారు. ఇప్పటికి దేశంలో 130 కోట్లకు పైగా ఇచ్చారు. 12 అంకెల ఈ నంబర్ మనిషి బతికున్నంత కాలం ఒకటే ఉంటుంది. అక్కడే తిరకాసు ఉంది.

ఏటీఎం కార్డు పోతే ఏం చేస్తాం? బ్యాంకుకి ఫోన్ చేసి బ్లాక్ చేయిస్తాం, కొత్త కార్డు వస్తుంది. పిన్ ఎవరికైనా తెలిసిపోతే మార్చుకుంటాం. ఫోన్ నంబర్‌తో చికాకైతే సిమ్ మార్చేస్తాం. మరి వేలిముద్ర? అది ఎవరి చేతిలోనైనా పడితే కొత్త వేలు తెచ్చుకోలేం కదా. తాళం పోతే కొత్త తాళం వేసుకోవచ్చు. ఒంటిమీద ఉన్న తాళంచెవిని మార్చుకోలేం. కాబట్టి దాన్ని ముందునుంచే కాపాడుకోవాలి.

ఇంకో సంగతి. రేషన్ కార్డులో మీ కుటుంబం వివరాలుంటాయి. బ్యాంకులో డబ్బు వివరాలు, భూమి పుస్తకంలో పొలం వివరాలు, ఆసుపత్రిలో జబ్బు వివరాలు ఉంటాయి. ఇవన్నీ వేర్వేరు చోట్ల ఉన్నంతకాలం ఎవరికీ మీ పూర్తి సంగతి తెలియదు. అన్నిచోట్లా ఒకే నంబర్ రాసి ఉంటే, ఆ నంబర్ పట్టుకుని అన్నింటినీ ఒక దండలా గుచ్చేయొచ్చు. మీ దగ్గర ఎంతుంది, ఎవరిమీద ఆధారపడ్డారు, ఏ జబ్బు ఉంది, ఏ కులం అన్నీ ఒకచోట కనబడతాయి. "మా దగ్గర దాచుకోవడానికి ఏముంది బాబూ" అని కొందరంటారు. దాచుకోవడం వేరు, మన సంగతి మన చేతిలో ఉండటం వేరు. ఇంటికి తలుపు పెట్టుకునేది లోపల ఏదో తప్పు చేస్తున్నామని కాదు కదా.

ఇలా జరిగింది, మన దగ్గరే జరిగింది

భయపెట్టడానికి చెప్పడం లేదు. జరిగినవే చెప్తాను.

2017 మేలో ఒక పరిశోధన సంస్థ నివేదిక బయటికొచ్చింది. నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లలో సుమారు 13 కోట్ల మంది ఆధార్ నంబర్లు ఎవరైనా చూసేలా ఉన్నాయని అందులో ఉంది. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వే: ఒకటి చంద్రన్న బీమాది, ఇంకోటి ఉపాధి హామీ చెల్లింపులది. మిగతా రెండూ కేంద్రానివి, పింఛన్లవి, ఉపాధి హామీవి. అంటే ఎవరి నంబర్లు బయటపడ్డాయి? కోటీశ్వరులవి కాదు. పలుగూ పారా పట్టుకుని పనికెళ్లిన వాళ్లవి, పింఛను తీసుకునే ముసలివాళ్లవి.

2018 ఏప్రిల్‌లో మన రాష్ట్రంలోనే గృహ నిర్మాణ లబ్ధిదారుల జాబితా ఇలాగే బయటపడింది. లక్షా ముప్పై వేలకు పైగా మంది ఆధార్ నంబర్లు, వాటి పక్కన బ్యాంకు వివరాలు, కులం, మతం కూడా కనబడ్డాయి. తర్వాత తీసేశారు. కానీ ఒకసారి బయటికెళ్లిన సమాచారాన్ని ఎవరెవరు దించుకున్నారో చెప్పడం కష్టం. ఒలికిన పాలు ఎత్తినట్టే.

జాబితాలు పెట్టడంలో ఉద్దేశం మంచిదే. ఎవరికి ఎంత వచ్చిందో ఊరందరికీ తెలియాలి, దొంగ పేర్లు ఉండకూడదు. దానికి పేరు, ఊరు, మొత్తం చాలు. 12 అంకెలూ, ఖాతా నంబరూ అక్కర్లేదు. ఆధార్ చట్టం 29వ సెక్షన్ కూడా ఆధార్ నంబర్‌ను బహిరంగంగా ప్రచురించకూడదనే చెప్తుంది. మీ ఊళ్లో గోడమీద గానీ, వాట్సాప్ గ్రూపులో గానీ పూర్తి నంబర్లతో జాబితా కనబడితే, "నంబర్లు తీసేసి పెట్టండి" అని సచివాలయంలో అడగండి. అది గొడవ పెట్టుకోవడం కాదు. చట్టంలో ఉన్న మాటే మీరు అడుగుతున్నారు.

నంబర్ తెలిస్తే డబ్బు పోతుందా?

ఇది అందరూ అడిగే ప్రశ్న. నిజం చెప్పాలంటే, ఒట్టి నంబర్ తెలిసినంత మాత్రాన ఖాతాలో డబ్బు పోదు. మూడు కలవాలి.

ఒకటి, ఆధార్ నంబర్.
రెండు, మీ ఖాతా ఏ బ్యాంకులో ఉందన్న సంగతి.
మూడు, మీ వేలిముద్ర.

ఈ మూడూ ఉంటే ఏఈపీఎస్ ద్వారా డబ్బు తీయొచ్చు. ఏఈపీఎస్ అంటే బ్యాంక్ మిత్ర దగ్గర చిన్న మిషన్ మీద వేలు పెట్టి డబ్బు తీసుకునే పద్ధతి. దానికి కార్డు వద్దు, పిన్ వద్దు, ఓటీపీ కూడా వద్దు. ఒక్కోసారి 10,000 రూపాయల దాకా తీయొచ్చు. బ్యాంకు దూరంగా ఉన్న ఊళ్లకి ఇది ఎంతో మేలు చేసింది, అందులో అనుమానం లేదు. మనకి సులువుగా ఉన్నట్టే దొంగకి కూడా సులువుగా ఉండటమే దీంతో వచ్చిన చిక్కు.

ఆ మూడూ దొంగకి ఎక్కడ దొరుకుతాయి? నంబర్ జిరాక్స్ కాగితం మీద దొరుకుతుంది. ఊరంతా ఒకటి రెండు బ్యాంకుల్లోనే ఖాతాలు ఉంటాయి కాబట్టి బ్యాంకు పేరు అడగక్కర్లేకుండానే తెలుస్తుంది. మిగిలింది వేలిముద్ర. "అది నా వేలికే ఉంది కదా" అనుకుంటాం. కానీ ఎన్ని కాగితాల మీద వేశామో గుర్తుందా? పొలం రిజిస్ట్రేషన్ కాగితాల మీద ముద్రలుంటాయి, పక్కనే ఆధార్ నంబర్ కూడా ఉంటుంది. 2018లో తెలంగాణలో పోలీసులు ఒకతన్ని పట్టుకున్నారు. అతను ఆన్‌లైన్‌లో ఉన్న భూమి రిజిస్ట్రేషన్ దస్తావేజులు దించుకుని, వాటి మీది ముద్రలతో రబ్బరు స్టాంపుల మాదిరి నకిలీ వేలిముద్రలు తయారుచేసి, వాటితో వేరేవాళ్ల పేర్ల మీద సిమ్ కార్డులు తెరిచాడు. ఆ తర్వాత ఇదే దారిలో ఖాతాల్లో డబ్బులు లాగిన ముఠాల్ని కూడా పోలీసులు పట్టుకున్నారు.

ఆధార్ నడిపే యూఐడీఏఐ సంస్థ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. మిషన్ మీద పెట్టింది నిజం వేలా, రబ్బరు ముద్రా అని పసిగట్టే పద్ధతిని 2023లో తెచ్చింది. ఏఈపీఎస్ మిషన్లు నడిపేవాళ్లని బ్యాంకులు బాగా విచారించి, గమనిస్తూ ఉండాలని రిజర్వ్ బ్యాంకు 2025 జూన్‌లో ఆదేశాలిచ్చింది. ఇవన్నీ మంచివే. వాటితోపాటు మన జాగ్రత్త కూడా ఉండాలి.

"వేలు పడలేదు, ఇంకోసారి పెట్టమ్మా"

ఈ మాట ప్రతి ఒక్కరం వింటాం. పొలం పనితో, గిన్నెలు తోమడంతో వేళ్లు అరిగిపోతాయి, ముద్ర పడకపోవడం మామూలే. చాలాసార్లు ఆ మాట నిజమే. కానీ మోసగాళ్లకి ఇదే సాకు. మొదటిసారి వేలు పెట్టినప్పుడే డబ్బు తీసేసి, "పడలేదు" అని రెండోసారి పెట్టిస్తారు. మన చేతికి వచ్చేది ఒకసారి డబ్బే, ఖాతాలో పోయేది రెండుసార్లు.

కాబట్టి ఇలా చేయండి. ఎందుకు వేలు పెడుతున్నానో ముందే అడగండి: పింఛనుకా, ఈకేవైసీకా, డబ్బు తీయడానికా? స్క్రీన్ మీద ఎంత మొత్తం కొట్టారో చూడండి. కళ్లు సరిగ్గా కనబడకపోతే పక్కవాళ్లని చూడమనండి. "పడలేదు" అంటే ఫెయిలైనట్టు రసీదు ఇమ్మనండి. ఇల్లు చేరగానే ఫోన్‌కి వచ్చిన మెసేజ్ చదివించుకోండి. నెలకి ఒకసారి పాస్‌బుక్ ఎంట్రీ వేయించుకోండి.

ఎవరైనా వచ్చి "సర్వే అమ్మా, ఇక్కడ తంబ్ వేయండి" అంటే, గుర్తింపు కార్డు చూపించమనండి. ఏ సర్వే, ఏ పథకానికి అని అడగండి. అనుమానంగా ఉంటే "సచివాలయానికి వచ్చి వేస్తానులే నాయనా" అని చెప్పి పంపించేయండి. నిజమైన ఉద్యోగి దానికి కోపం తెచ్చుకోడు.

జిరాక్స్ షాపు, ఇంటర్నెట్ సెంటరు

ఎక్కువ నంబర్లు బయటికెళ్లేది పెద్ద కంప్యూటర్ దొంగల వల్ల అనుకుంటాం. నిజానికి మనమే చేతులారా ఇస్తున్న చోట్లు చాలా ఉన్నాయి.

ఈ-ఆధార్ పీడీఎఫ్ దించుకుంటే దానికి పాస్‌వర్డ్ ఉంటుంది. ఆ పాస్‌వర్డ్ ఏమిటి? మీ పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, తర్వాత పుట్టిన సంవత్సరం. మీ పేరూ, వయసూ తెలిసిన ఎవరైనా అది తెరవగలరు. అలాంటి ఫైలుని సెంటర్ కంప్యూటర్‌లో వదిలేసి వస్తే, తలుపు తీసిపెట్టి ఊరెళ్లినట్టే. ప్రింటు తీయగానే ఫైలు తీసేయమని అడగండి. డౌన్‌లోడ్స్‌లో నుంచి తీసేశాక చెత్తబుట్టలోంచి కూడా తీసేయాలి. షాపతని వాట్సాప్‌కి పంపినట్టయితే, పని కాగానే "అందరికీ డిలీట్" కొట్టండి. సరిగ్గా రాలేదని పక్కన పడేసిన జిరాక్స్ కాగితాన్ని చించి మీరే తెచ్చుకోండి.

కాగితం ఇవ్వక తప్పనప్పుడు దాని మీద అడ్డంగా పెన్నుతో రాయండి: ఏ పనికి ఇస్తున్నారో, ఏ తేదీన ఇస్తున్నారో. "తల్లికి వందనం దరఖాస్తు కోసం మాత్రమే" అని రాసి తేదీ వేస్తే, ఆ కాగితాన్ని ఇంకో పనికి వాడటం కష్టమవుతుంది.

మీకు అందుబాటులో ఉన్న నాలుగు తాళాలు

ఇవి నాలుగూ ఉచితం. మొదటి మూడూ మై ఆధార్ పోర్టల్‌లో దొరుకుతాయి, నాలుగోది బ్యాంకులో. చేసుకోవడం రాకపోతే నమ్మకమైన పిల్లల సాయం తీసుకోండి. 1947కి ఫోన్ చేస్తే కూడా దారి చెప్తారు. వీటన్నింటికీ ముందు మీ ఆధార్‌కి మీ సొంత ఫోన్ నంబర్ కలిపి ఉండాలి. పాత నంబరో, వేరేవాళ్ల నంబరో ఉంటే ఓటీపీ వాళ్లకి వెళ్తుంది. ఆధార్ సెంటరుకి వెళ్లి ముందు అది సరిచేసుకోండి.

మొదటిది, మాస్క్‌డ్ ఆధార్. ఇందులో మొదటి ఎనిమిది అంకెలు కనబడవు, చివరి నాలుగే కనబడతాయి. లాడ్జిలో గది తీసుకోవడానికి, ఇల్లు అద్దెకి తీసుకోవడానికి, మీరెవరో చూపిస్తే చాలనుకున్న చోట ఇది ఇవ్వండి. పథకం దరఖాస్తులో పూర్తి నంబర్ అడిగితే మాత్రం అక్కడ ఇది సరిపోదు.

రెండోది, వర్చువల్ ఐడీ. 16 అంకెలు ఉంటుంది. 2018లో తెచ్చారు. ఆధార్ నంబర్ బదులు దీన్ని చెప్పి ధ్రువీకరణ చేయించుకోవచ్చు. కావాలంటే కొత్తది తీసుకోవచ్చు, అప్పుడు పాతది పనిచేయదు. దీన్ని పట్టుకుని ఎవరూ మీ అసలు నంబర్ కనిపెట్టలేరు.

మూడోది, బయోమెట్రిక్ లాక్. ఇది వేస్తే మీ వేలిముద్ర, కనుపాప, ముఖం దేనితోనూ ఆధార్ ధ్రువీకరణ జరగదు. రబ్బరు ముద్ర తెచ్చినా పనిచేయదు. భూమి, ఇల్లు రిజిస్ట్రేషన్ చేయించుకున్నవాళ్లకి ఇది చాలా అవసరం. అయితే ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. లాక్ వేసి మర్చిపోతే, ఒకటో తారీఖున పింఛను ఇవ్వడానికి వచ్చినప్పుడు మీ వేలు కూడా పడదు. రేషన్ డిపోలోనూ అంతే. అప్పుడు ఫోన్లో ఓటీపీతో కాసేపు తెరుచుకోవాలి, కొద్ది నిమిషాల తర్వాత అదే మళ్లీ మూసుకుంటుంది. ఫోన్ వాడటం వచ్చినవాళ్లకి, ఇంట్లో పిల్లలున్నవాళ్లకి ఇది సులువే. ఒంటరిగా ఉండే అవ్వకి మాత్రం ఇది తలనొప్పి.

అలాంటివాళ్లకి నాలుగోది. బ్యాంకుకి వెళ్లి, "నా ఖాతాలోంచి వేలిముద్రతో డబ్బు తీసే సదుపాయం ఆపేయండి" అని రాసి అడగండి. చాలా బ్యాంకులు ఇది చేస్తాయి. "ఇది ఆపితే పథకం డబ్బు కూడా ఆగిపోతుందేమో" అని భయపడకండి. పథకం డబ్బు ఖాతాలో పడే దారి వేరు, వేలిముద్రతో తీసే దారి వేరు. రెండోది మూసినా మొదటిది తెరిచే ఉంటుంది. బయోమెట్రిక్ లాక్ వేసినా అంతే, ఖాతాలో పడాల్సింది పడుతుంది.

డబ్బు ఏ ఖాతాలో పడుతోంది?

ఇది చాలామందికి తెలియని సంగతి. ఆధార్‌తో వచ్చే పథకం డబ్బు మీరు దరఖాస్తులో రాసిన ఖాతాకే వెళ్తుందని గ్యారంటీ లేదు. ఎన్‌పీసీఐ పట్టికలో మీ ఆధార్‌కి ఏ బ్యాంకు కలిపి ఉందో అక్కడికి వెళ్తుంది. ఆఖరిగా ఏ బ్యాంకుకి కలిపితే అదే లెక్క.

2017లో ఏం జరిగిందంటే, ఒక పెద్ద టెలికాం సంస్థ సిమ్ ధ్రువీకరణ పేరుతో వేలిముద్ర తీసుకుని, చాలామందికి తెలియకుండానే తన పేమెంట్స్ బ్యాంకులో ఖాతాలు తెరిచింది. వాళ్ల గ్యాస్ సబ్సిడీ ఆ కొత్త ఖాతాల్లోకి వెళ్లిపోయింది. మనుషులేమో పాత ఖాతా పాస్‌బుక్ చూసుకుంటూ "సబ్సిడీ పడలేదు" అనుకున్నారు. చివరికి యూఐడీఏఐ ఆ సంస్థ ఈకేవైసీ అనుమతిని ఆపేసింది, డబ్బు వెనక్కి ఇప్పించారు.

ఇందులో మనకి పాఠం ఏమిటంటే, ఒక పనికని వేసిన వేలిముద్ర ఇంకో పనికి వాడబడొచ్చు. కాబట్టి మై ఆధార్‌లో "బ్యాంక్ సీడింగ్ స్టేటస్" అని ఉంటుంది, అందులో మీ ఆధార్ ఏ బ్యాంకుకి కలిపి ఉందో చూసుకోండి. మీకు తెలియని బ్యాంకు పేరు కనబడితే, వెంటనే మీ బ్యాంకుకి వెళ్లి ఆధార్ సీడింగ్ ఫారం ఇచ్చి మార్పించుకోండి.

అదే పోర్టల్‌లో "అథెంటికేషన్ హిస్టరీ" కూడా ఉంది. గత 6 నెలల్లో మీ ఆధార్‌ని ఎవరు, ఏ రోజు, ఏ టైముకి వాడారో అందులో వస్తుంది. మీరు రేషన్‌కి వెళ్లిన రోజులు, పింఛను తీసుకున్న రోజులు కనబడతాయి. మీరు ఎక్కడికీ వెళ్లని రోజున ఎవరో వాడినట్టు ఉంటే, అది గంట మోగినట్టే. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో సంచార్ సాథీ పోర్టల్‌లో చూడొచ్చు. మీది కాని నంబర్ ఉంటే అక్కడే "నాది కాదు" అని నొక్కొచ్చు.

మీ హక్కులు

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు ఇచ్చింది. కేసు వేసింది కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి. ఆ హక్కు చదువుకున్నవాళ్లకి, పట్నంవాళ్లకి మాత్రమే కాదు. పింఛను తీసుకునే అవ్వకీ అంతే ఉంది. ప్రభుత్వం సాయం చేస్తోంది కాబట్టి మన వివరాలన్నీ ఎవరైనా చూడొచ్చన్న లెక్క ఎక్కడా లేదు.

2018 సెప్టెంబరు 26న ఇంకో తీర్పు వచ్చింది. ప్రభుత్వ సబ్సిడీలకి, సంక్షేమ పథకాలకి ఆధార్ అడగొచ్చని కోర్టు చెప్పింది. బ్యాంకు ఖాతాకి, సిమ్ కార్డుకి తప్పనిసరి చేయకూడదంది. బడిలో చేర్చుకోవడానికి ఆధార్ తప్పనిసరి కాదని, ఆధార్ లేదని ఏ పిల్లకీ పథకం ఆపకూడదని కూడా చెప్పింది.

ఆధార్ చట్టం 8వ సెక్షన్ ప్రకారం, మీ ధ్రువీకరణ తీసుకునేవాళ్లు ముందు మీ ఒప్పుకోలు తీసుకోవాలి. ఏ వివరం తీసుకుంటున్నారో, దేనికి వాడతారో, ఆధార్ బదులు ఇంకేం ఇవ్వొచ్చో చెప్పాలి. కాబట్టి "ఎందుకు బాబూ?" అని అడగడానికి మొహమాట పడొద్దు.

ఇక వేలిముద్ర పడకపోతే? ఆ ఒక్క కారణంతో మీ హక్కు పోదు. కనుపాపతో గానీ, ముఖంతో గానీ, ఓటీపీతో గానీ చూడమని అడగండి. అవేవీ పనిచేయకపోయినా అర్హుడికి సరుకు ఆపకూడదని, వేరే పద్ధతిలో ఇచ్చి రిజిస్టరులో రాసుకోవాలని యూఐడీఏఐ 2017 అక్టోబరులోనే సర్క్యులర్ ఇచ్చింది. "మిషన్ ఒప్పుకోవట్లేదు, వెళ్లిపో" అంటే, ఏ తేదీన, ఎవరు అన్నారో రాసుకుని సచివాలయంలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.

మీరు అడిగిన ప్రశ్నలు

"లింకు నొక్కితే పథకం డబ్బు పడుతుందని వాట్సాప్‌లో వచ్చింది. నొక్కమంటారా?" వద్దమ్మా. పీఎం కిసాన్ పేరుతో, పింఛను పేరుతో ఏపీకే ఫైళ్లు తిరుగుతున్నాయి. అవి ఫోన్లోకి ఎక్కితే ఓటీపీలు కూడా దొంగకి వెళ్తాయి. లింకు ద్వారా వచ్చిన యాప్ ఏదీ వేసుకోవద్దు.

"ఆఫీసు నుంచి ఫోన్ చేసి ఓటీపీ చెప్పమన్నారు." ఓటీపీ అంటే మీ సంతకం. ఫోన్లో అడిగిన ఎవ్వరికీ చెప్పొద్దు. మీరు ఎదురుగా కూర్చుని, మీరే అడిగి చేయించుకుంటున్న పనికి మాత్రమే ఇవ్వండి. అప్పుడు కూడా మెసేజ్‌లో ఏం రాసుందో చదివాకే.

"మా నంబర్ ఇప్పటికే పదిచోట్ల ఇచ్చేశాం. ఇప్పుడేం చేస్తాం?" ఇచ్చిందాన్ని వెనక్కి తీసుకోలేం. కానీ డబ్బు పోవడానికి మూడు కలవాలని చెప్పుకున్నాం కదా. వేలిముద్ర దారిని లాక్‌తో గానీ, బ్యాంకులో అర్జీతో గానీ మూసేస్తే, ఒట్టి నంబర్‌తో మీ ఖాతాలో డబ్బు తీయలేరు. ఇప్పుడు చేసినా ఆలస్యం కాదు.

"డబ్బు పోయింది. ఎవరికి చెప్పాలి?" ముందు 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపడానికి అంత అవకాశం. అదే రోజు బ్యాంకుకి వెళ్లి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, ముద్ర వేసిన నకలు తీసుకోండి. రిజర్వ్ బ్యాంకు 2017లో ఇచ్చిన నియమం ప్రకారం, మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా బయటివాళ్ల మోసం వల్ల డబ్బు పోతే, మెసేజ్ వచ్చిన 3 పనిదినాల్లోగా చెప్పినవాళ్ల మీద నష్టం పడకూడదు. ఫిర్యాదు అందిన 10 పనిదినాల్లో ఆ మొత్తాన్ని ఖాతాలో చూపించాలి. 4 నుంచి 7 పనిదినాల్లో చెబితే కొంత భారం మీమీద పడొచ్చు. అందుకే "రేపు చూద్దాంలే" అనొద్దు. బ్యాంకు 30 రోజులైనా పట్టించుకోకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. 14448కి ఫోన్ చేస్తే ఎలాగో చెప్తారు.

ఈ వారం చేయాల్సినవి

ఒకటి, ఆధార్‌కి కలిపిన ఫోన్ నంబర్ మీదేనా చూసుకోండి.
రెండు, బ్యాంక్ సీడింగ్ స్టేటస్, అథెంటికేషన్ హిస్టరీ ఒకసారి తెరిచి చూడండి.
మూడు, బయోమెట్రిక్ లాక్ వేసుకోండి. అది మీకు కుదరదనుకుంటే, వేలిముద్రతో డబ్బు తీయడం ఆపమని బ్యాంకులో అర్జీ ఇవ్వండి.
నాలుగు, మాస్క్‌డ్ ఆధార్ ఒక కాపీ తీసి ఇంట్లో పెట్టుకోండి.
ఐదు, 1947, 1930 ఈ రెండు నంబర్లు గోడమీద రాసిపెట్టుకోండి. మొదటిది ఆధార్‌కి, రెండోది డబ్బు పోతే.

సాటి లబ్ధిదారులకి, సిబ్బందికి కూడా ఒక మాట. పక్కింటి అవ్వ ఆధార్ కార్డు ఫొటో తీసి గ్రూపులో పెట్టి "ఈమె పని చూడండి" అని రాయడం సాయం అనుకుంటాం. ఆ గ్రూపులో రెండు వందల మంది ఉంటారు. ఆవిడ నంబర్ రెండు వందల ఫోన్లలోకి వెళ్లినట్టే. చూడాల్సిన ఒక్కరికే పంపండి, పని అయ్యాక తీసేయండి. ఒకరి నంబర్ మన చేతిలో పెట్టారంటే నమ్మి పెట్టారు. పక్కవాళ్ల ఇంటి తాళంచెవి మన దగ్గరుంటే ఎలా చూసుకుంటామో అలాగే చూసుకుందాం.

పథకం మీ హక్కు. మీ వివరం కూడా మీదే. మొదటిది తీసుకోవడానికి రెండోది వదులుకోనక్కర్లేదు. ఈ పీడీఎఫ్‌ని ఫోన్లో దాచుకోండి, మీ సంఘంలో చదివి వినిపించండి. సందేహం ఉంటే సచివాలయానికి రండి, అడగండి.